రాగి చుట్టా, వేడి కుళాయీ: మా గ్యారేజీ బీరు డైరీ

నిన్న రాత్రి పదకొండున్నరకి గ్యారేజీలో మాపు పిండుతూ అనుకున్నా, ఇదంతా ఒకచోట రాసి పెట్టుకోకపోతే వచ్చే వేసవికి మళ్లీ ఇవే తప్పులు మొదట్నుంచీ చేస్తానని. అందుకే ఏడాదిన్నరగా నోట్‌బుక్కులో గిలికిందంతా ముందేసుకుని కూర్చున్నా. కొన్ని పేజీలు వర్ట్ (బీరుగా పులియబెట్టే తియ్యటి ఊట) పడి ఒకదానికొకటి అంటుకుపోయాయి, అవి గుర్తున్నంత వరకే.

మేముండేది డాలస్ పైన ఫ్రిస్కోలో. ఇక్కడ ఇంట్లో బీరు చేసుకోవడం తప్పేం కాదు, 1978లో జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టం ప్రకారం పెద్దవాళ్లు ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరూ అంతకన్నా ఎక్కువ మందీ ఉంటే 200 గ్యాలన్లు, పన్ను కట్టక్కర్లేదు, అమ్ముకోకూడదు అంతే. ఆ చట్టం బీరుకే, సారా దించడానికి కాదు. ఇండియాలో ఎక్సైజు వాళ్ల సంగతి మీకు నేను చెప్పేదేముంది, ఇది చదివి గుంటూరులో ఎవరూ పొయ్యి వెలిగించకండి బాబూ.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని బరకగా పట్టి 66, 67 డిగ్రీల నీళ్లలో ఒక గంట నానబెడితే లోపలి పిండంతా చక్కెరగా మారుతుంది, వడగడితే వచ్చే ఆ తియ్యటి నీళ్లే వర్ట్. దాన్ని గంటసేపు మరగబెట్టి మధ్యమధ్యలో హాప్స్ (బీరుకి చేదూ వాసనా ఇచ్చే పూలు) వేసి, తర్వాత 20 డిగ్రీల దాకా చల్లార్చి ఈస్ట్ వెయ్యాలి. (ఇక్కడ అందరూ ఫారెన్‌హీటే వాడతారు, నాకు ఇప్పటికీ ఒంటబట్టలేదు, సెల్సియస్‌లోనే రాస్తా.) నా బ్యాచ్ 5 గ్యాలన్లు అంటే 19 లీటర్లు. పెళ్లివంటల గుండిగలో సగం కూడా ఉండదు గానీ 19 లీటర్లు మరిగే పాకాన్ని 100 నుంచి 20కి దించడం ఎంత పనో చేస్తేగానీ తెలీదు.

దానంతట అదే చల్లారుతుంది కదా, వదిలెయ్యొచ్చుగా అని మా ఆవిడ మొదటిరోజే అడిగింది. వదిలెయ్యకూడదు. 60 కిందకి వచ్చాక అది బాక్టీరియాకి పండగ భోజనం, ఈస్ట్ వెళ్లి కూర్చునే లోపు వాళ్లు విస్తరేసుకుంటారు. ఇంకోటి, లేత రంగు మాల్ట్‌లో ఉండే ఒక పదార్థం వేడిగా ఉన్నంతసేపూ డీఎమ్‌ఎస్ అనే వాసనని పుట్టిస్తూనే ఉంటుంది, మరుగుతున్నప్పుడైతే ఆవిరితో పోతుంది, పొయ్యి ఆపి మూతపెట్టి కూర్చుంటే అందులోనే ఉండిపోయి బీరంతా ఉడికించిన మొక్కజొన్న పొత్తు వాసనేస్తుంది. పైగా చివర్లో వాసన కోసం వేసిన హాప్స్ వేడిలో నానుతూ చేదు దింపుతాయి. అందుకని చిల్లర్, అంటే వర్ట్‌ని తొందరగా చల్లార్చే సరంజామా.

బ్యాచ్ 1, ఫిబ్రవరి.
చిల్లర్ లేదు. బాత్‌టబ్బులో నీళ్లు, రెండు పెద్ద ఐసు బస్తాలు, అందులో మరుగుతున్న గిన్నె. పొయ్యి గ్యారేజీలో, టబ్బు మేడమీద. 19 లీటర్ల మరిగే పాకాన్ని పట్టుకుని పదహారు మెట్లు ఎక్కాను, ఈ ఒక్క వాక్యం చదివి మీరు నా తెలివితేటలు అంచనా వేసుకోవచ్చు. టబ్బులో నీళ్లు ఎక్కువైతే తొందరగా చల్లారుతుందని గిన్నె మెడదాకా నింపాను, ఐసు కరిగి మట్టం ఇంకా పెరిగి గిన్నె తేలి మెల్లగా ఒక పక్కకి ఒరిగింది, అరలీటరు టబ్బు నీళ్లు లోపలికి. గంటా యాభై నిమిషాలు పట్టింది 24కి రావడానికి. మూడు వారాల తర్వాత సీసా తెరిస్తే పులిసిన మజ్జిగ. అంతా సింకులో పోశా.

ఆ బాధలోనే కూర్చుని లెక్కేశా. 19 లీటర్లని 80 డిగ్రీలు దించాలంటే తీసెయ్యాల్సిన వేడి సుమారు 6350 కిలోజూళ్లు. కిలో ఐసు కరిగేటప్పుడు లాక్కునేది 334. అంటే ఒట్టి కరగడంతోనే పని జరగాలంటే 19 కిలోల ఐసు, లీటరుకో కిలో. మరిగే వేడిని ఐసుతో దించడమంటే గోడకి సున్నం బదులు వెన్న రాసినట్టు. పైవేడి కుళాయి నీళ్లతో తీసి, ఐసు ఏదైనా ఉంటే ఆఖరికి దాచుకోవాలి. ఈ ముక్క నాకు ఫిబ్రవరిలోనే తెలుసు, ఆచరణలో పెట్టడానికి ఇంకో ఏడాది పట్టింది.

బ్యాచ్ 2, మార్చి.
హైడ్రోమీటర్ (వర్ట్ చిక్కదనం కొలిచే గాజు గొట్టం) బల్ల మీద దొర్లి కింద పడింది. దీనికి పెద్ద కథేం లేదు, హైడ్రోమీటర్ పగలగొట్టని బ్రూవర్ నాకింతవరకు తగల్లేదు, రెండు కొనుక్కోండి.

అసలు కథ గాజు కార్బాయ్‌ది. అది 19 లీటర్ల పెద్ద గాజు సీసా, నిండితే పాతిక కిలోలు. బయట శానిటైజరు నురగ, జారుడు, చేతులు తడి. గ్యారేజీ సిమెంటు నేల మీద దించుతుంటే ఆఖరి అంగుళంలో వేళ్లు జారాయి. పెద్ద చప్పుడేం రాలేదు, "టిక్" అని చిన్న శబ్దం, అంతే. పైకెత్తబోతే అడుగు నేల మీదే ఉండిపోయి పైభాగం ఒక్కటే చేతిలోకి వచ్చింది, గుండ్రంగా కత్తిరించినట్టు. బీరంతా కాళ్లమీదుగా డ్రైవ్‌వే దాకా వెళ్లింది. చెప్పుల్లేకుండా ఉన్నాను. దేవుడి దయవల్ల ఒక్క గీత కూడా పడలేదు, కానీ అరగంటసేపు ఉన్నచోటనే నిలబడ్డా, మా ఆవిడ బూట్లు తెచ్చి విసిరేదాకా. ఆరోజు నుంచి ప్లాస్టిక్ బకెట్టే. గాజులో అందంగా కనిపిస్తుంది నిజమే, కాలి నరం అంతకంటే ముఖ్యం.

బ్యాచ్ 3, ఏప్రిల్.
మొదటి చిల్లర్ కొన్నా. ఇమ్మర్షన్ అంటారు, పాతిక అడుగుల సన్నటి రాగి గొట్టాన్ని స్ప్రింగులా చుట్టి రెండు చివర్లకీ పారదర్శకమైన మెత్తటి ప్లాస్టిక్ గొట్టాలు తగిలించి ఉంటుంది. చుట్టని గిన్నెలో ముంచి ఒక చివర కుళాయికి కలిపితే చల్లనీళ్లు లోపలినుంచి తిరిగి వేడెక్కి ఇంకో చివర బయటికి. మరగడం ఇంకో పావుగంటలో అయిపోతుందనగా వేసేస్తే దానంతట అదే స్టెరిలైజ్ అవుతుంది. వేశా. పొద్దున్న కడిగినప్పుడు లోపల మిగిలిన నీళ్లు మరిగి రెండో చివరనుంచి కుక్కర్ విజిల్లాగ బుస్సుమని చిమ్మాయి, ఆ చివర నా పిక్కకి ఎదురుగా ఉంది. అదొక పాఠం.

రెండో పాఠం పది నిమిషాల తర్వాత. ఆవిరి తగిలి ప్లాస్టిక్ గొట్టం అప్పడం నానినట్టు మెత్తబడింది, దానికి తోడు నేను క్లిప్ వెయ్యలేదు, బిగుతుగానే ఉందిలే అని. కుళాయి ఫుల్లుగా తిప్పగానే గొట్టం ఊడి కుళాయి నీళ్లు సూటిగా వర్ట్‌లోకి. నేను పరుగెత్తి కట్టేసే లోపు 19 లీటర్లు 22 అయ్యాయి. కొత్త హైడ్రోమీటర్‌తో చూస్తే 1.052 ఉండాల్సింది 1.045. సాంబారు పలచనైతే ఇంకాస్త మరగబెట్టొచ్చు, నేనూ అదే చేద్దామనుకున్నా గానీ సిలిండర్లో గ్యాస్ అయిపోయింది. అలాగే ఈస్ట్ వేశా. విచిత్రం, ఆ బీరు బాగానే వచ్చింది, పలచగా, ఎండాకాలం తాగడానికి హాయిగా. ఫ్రెండ్స్ రెసిపీ అడిగారు. మూడు లీటర్ల ఫ్రిస్కో మునిసిపల్ వాటర్ అని చెప్పలేదు.

అప్పట్నుంచి నా రూలు ఒక్కటే, క్లిప్పయినా కంప్రెషన్ ఫిట్టింగయినా ఏ జాయింటూ గిన్నె నోటిపైన ఉండకూడదు, అంచు దాటి బయటే ఉండాలి. కారితే నేలమీద కారనీ.

బ్యాచ్ 4, జూన్.
ఇది తల్చుకుంటే ఇప్పటికీ తలనొప్పి, నిజంగా తలనొప్పే. డిజిటల్ థర్మామీటర్ ప్రోబ్‌లో వైరు కలిసేచోట తడి దిగింది. నాకేం తెలుసు, అది 23 చూపిస్తోంది, ఆహా పాతిక అడుగుల చుట్ట ఎంత బాగా పనిచేసిందీ అని ఈస్ట్ వేసేశా. కుళాయి నీళ్లే 27 ఉన్నాయి ఆరోజు, 27 డిగ్రీల నీళ్లతో 23 ఎలా వస్తుందని ఒక్క క్షణం ఆలోచించలేదు, ఇంజనీరింగ్ చదివాను మళ్లీ. పొద్దున్న బకెట్టుకి చెయ్యి ఆనిస్తే జ్వరం వచ్చిన పిల్లాడిలా ఉంది. పాత గాజు థర్మామీటర్ పెడితే 36. ఆ వేడిలో మామూలు ఏల్ రకం బీరు ఈస్ట్ చచ్చిపోదు గానీ పిచ్చెక్కినట్టు పనిచేసి ఘాటు ఆల్కహాళ్లు పుట్టిస్తుంది, గోళ్లరంగు తుడిచే మందు వాసన. ఒక గ్లాసు తాగితే మర్నాడు మధ్యాహ్నం దాకా కణతలు లాగుతూనే ఉంటాయి. ఇప్పుడు ప్రతి బ్యాచ్ ముందు ప్రోబ్‌ని ఐసు నీళ్లలో ఒకసారి, మరిగే నీళ్లలో ఒకసారి ముంచి చూస్తా, రెండు నిమిషాల పని.

బ్యాచ్ 5, సెప్టెంబరు. చిల్లర్ మార్చాలని ఇక్కడ మొదలైంది.
కరీంనగర్ తమ్ముడు ఒకతను ఉన్నాడు, పక్క వీధి, నాకంటే రెండేళ్ల ముందునుంచి చేస్తున్నాడు. అతని దగ్గర ప్లేట్ చిల్లర్ ఉంది, ఇటుకలో సగం ఉంటుంది సైజు, లోపల పల్చటి స్టీలు రేకులు వరసగా పేర్చి రాగితో అతికించి ఉంటాయి, ఒక సందులో వర్ట్, పక్క సందులో ఎదురుగా నీళ్లు. "అన్నా గిది మస్తుంటది, గట్ల పోస్తే గిట్ల సల్లగైతది, నీ సుట్ట గిట్ట అవతల పడెయ్" అన్నాడు. తెచ్చుకున్నా. అతను చెప్పింది అబద్ధం కాదు, మొదటి నాలుగు లీటర్లు దాదాపు కుళాయి నీళ్ల వేడికి వచ్చేశాయి, నోరు తెరుచుకుని చూశా. అయిదో లీటరుకి ధార దారమైంది, ఆరో లీటరుకి చుక్కలు. హాప్స్ పిప్పి రేకుల సందుల్లో ఇరుక్కుంది. అతనేమో హాప్స్ గుడ్డసంచిలో వేస్తాడట, ఆ సంగతి నాకు చెప్పలేదు, నేను అడగలేదు. అటు తిప్పి నీళ్లు కొడితే పచ్చటి పిప్పితో పాటు నల్లటి పొరలు కూడా వచ్చాయి, అవి నావి కావు, పాతవి, రెండేళ్ల చరిత్ర. "ఓవెన్ల పెట్టి కాల్చి కడగాలన్నా అప్పుడప్పుడు" అన్నాడు తర్వాత తాపీగా. లోపల ఏముందో కంటికి కనబడని వస్తువుని నేను శుభ్రం చెయ్యగలనన్న నమ్మకం నాకు లేదు, ఫ్లాస్కు అడుగే సరిగ్గా తోమలేను.

కౌంటర్‌ఫ్లో కూడా చూశా, రాగి గొట్టాన్ని తోట పైపులోకి దూర్చి చుట్ట చుట్టినది, వర్ట్ లోపల ఒక దిక్కుకి, నీళ్లు బయట ఎదురు దిక్కుకి. ప్లేటంత తొందరగా పూడుకుపోదు. కానీ అదీ లోపల కనబడదు, పైగా బాగా పనిచెయ్యాలంటే వేడి తట్టుకునే పంపు కావాలి, పంపుకి గొట్టాలు, గొట్టాలకి కప్లింగులు, ప్రతి కప్లింగూ కారడానికి ఒక కొత్త చోటు. కారడంలో నా రికార్డు పైన చూశారుగా.

ఇంతకీ తేలిందేంటంటే ఇమ్మర్షనే నాకు సరి, పెద్దది కావాలి. మరి స్టీలా రాగా? వేడిని మోసుకుపోవడంలో రాగి 400 దగ్గరుంటే స్టెయిన్‌లెస్ స్టీలు 16, పాతిక రెట్ల తేడా అని మొదట ఎగిరి గంతేశా. కానీ గొట్టం గోడ మందం మిల్లీమీటరు కూడా ఉండదు, అంత పల్చటి గోడలో లోహం ఏదైనా వేడి దాటిపోతుంది, అసలు ఆలస్యం గొట్టాన్ని అంటుకుని కదలకుండా నిలబడిపోయే వర్ట్ పొర దగ్గర. రాగి మేలే, కానీ కాగితం మీద కనిపించినన్ని రెట్లు కాదు. చదివా, తలూపా, మర్చిపోయా. జూన్‌లో అమ్మ గుర్తుచేసింది, ఆ సంగతి కింద వస్తుంది.

నవంబరు. చుట్ట చుట్టడం.
హార్డ్‌వేర్ షాపులో ఏసీ పైపుల వరసలో అర ఇంచి మెత్తటి రాగి గొట్టం, యాభై అడుగుల చుట్ట. రెడీమేడ్ దానికంటే పెద్దగా తక్కువేం పడలేదు, నిజం చెప్పాలంటే ఫిట్టింగులతో కలిపి ఎక్కువే అయ్యింది, కానీ సొంతంగా చెయ్యాలన్న దురద. బీరు పోసుకునే స్టీలు కెగ్గు చుట్టూ తిప్పితే చుట్ట బ్రహ్మాండంగా వచ్చింది, అసలు కష్టం పైకి లేపి అంచు మీదుగా బయటికి వంచే దగ్గర. చేత్తో వంచా. గొట్టం ఒక్కసారి చదునుగా మడత పడింది, తాగే స్ట్రా మడిచినట్టు. ఆ మడత తియ్యబోతే ఇంకో పక్క పగిలింది. కత్తిరించి, రెండో చివరకి మాత్రం బుద్ధిగా సన్న ఉప్పు దట్టించి టేపు వేసి మోకాలికి ఆనించి నిమ్మళంగా వంచితే నున్నగా ఒంపు తిరిగింది. ఇసక కూడా పోస్తారు గానీ ఉప్పయితే నీళ్లు కొడితే కరిగి పోతుంది, లోపల ఏదన్నా మిగిలిందేమో అన్న బెంగ లేదు.

డిసెంబరులో బ్యాచ్ 6. కుళాయి నీళ్లు 11 డిగ్రీలు. 100 నుంచి 18కి పద్నాలుగు నిమిషాలు. నేను గ్యారేజీలో ఒక్కడినే చప్పట్లు కొట్టుకున్నా. ఫిబ్రవరిలో బ్యాచ్ 7 కూడా అంతే. సమస్య తీరిపోయిందని నోట్‌బుక్కులో పెద్ద అక్షరాలతో రాసుకున్నా, కింద రెండు గీతలు కూడా ఉన్నాయి.

జూన్, బ్యాచ్ 8.
మా అమ్మ మే నెలలో వచ్చింది, ఆర్నెల్లుంటుంది. మొదటిసారి గ్యారేజీలోకొచ్చి పొయ్యి, గుండిగ, రాగి చుట్ట, గొట్టాలు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏవిట్రా ఇది, సారా బట్టీ పెట్టావా? మీ తాతయ్య ఉండుంటే చెప్పు తీసుకునేవాడు." కాదమ్మా, దీన్లో ఆవిరి పట్టడం లేదు, చల్లనీళ్లు తిప్పడమే, ఊట పులియబెడతామంతే దించము అని చెప్తే, "బెల్లం ఊట కూడా పులియబెట్టడమేగా" అంది. వాదించలేకపోయా. కాసేపయ్యాక చుట్ట మీద పచ్చటి మరకలు చూసింది. "చిలుమెక్కిందిరా, ఇది పెట్టే తాగుతున్నారా మీరు? కళాయి లేని గిన్నెలో పులుసు కాస్తే ఊరుకుంటామా?" అని చింతపండు, ఉప్పు తెచ్చి కూర్చుని యాభై అడుగుల చుట్టనీ దేవుడి చెంబు తోమినట్టు తోమిపెట్టింది. ఆవిడ మాటలో తప్పేం లేదు, వర్ట్ కొంచెం పులుపే, పీహెచ్ 5 పైన కాస్త, ఆ పులుపుకి రాగి మీది పొర కరిగి అందులోకి దిగుతుంది. ఊరికే మెరుపు తగ్గి గోధుమరంగుకి తిరిగితే ఫర్వాలేదు, పచ్చటి చిలుము మాత్రం ఉండకూడదు. రవ్వంత రాగి ఈస్ట్‌కి మంచిదే అంటారు గానీ ఆ మాట అమ్మ దగ్గర అనే ధైర్యం నాకు లేదు.

సరే, పొయ్యి ఆపి కుళాయి తిప్పా. 40కి పన్నెండు నిమిషాల్లో వచ్చేసింది. అక్కడ్నుంచి కదలదు. 39. అయిదు నిమిషాలు. 38. నీళ్లు ఎంతున్నాయని చూస్తే కుళాయిలోంచే 30 వస్తున్నాయి. మా ఊరి నీళ్లు లావన్ లేక్ లాంటి పెద్ద చెరువుల్లోంచి వస్తాయి, ఎండకి చెరువులే కాగుతాయి, కుళాయి మాత్రం ఏం చేస్తుంది. 30 డిగ్రీల నీళ్లతో ఏ చిల్లరూ 30 కిందకి దించలేదు, ప్లేటయినా కౌంటరయినా వెయ్యి డాలర్లదయినా. దగ్గరయ్యేకొద్దీ తేడా తగ్గుతుంది, తేడా తగ్గేకొద్దీ వేగం తగ్గుతుంది. నేను డిసెంబరులో కొట్టుకున్న చప్పట్లు నా చుట్టకి కాదన్నమాట, చలికాలానికి.

అమ్మ స్టూలేసుకుని చూస్తోంది. అరగంటయ్యింది. "ఏదీ, గరిటె పెట్టి తిప్పవేం?" అంది. నీళ్లు తిరుగుతున్నాయి కదమ్మా లోపల అన్నా. "నీళ్లు తిరిగితే ఏం, పాలు కదలొద్దూ? తోడుపెట్టే తొందరుంటే పళ్లెంలో నీళ్లు పోసి పాలగిన్నె పెట్టి గరిటెతో తిప్పుతాం, ఊరికే పెడితే అంచు చల్లగా నడిమి వేడిగా ఉంటుంది, అప్పుడు తోడేస్తే పెరుగు విరిగి ఊరుకుంటుంది." నవంబరులో చదివి మర్చిపోయిన ముక్క అదే. గొట్టం పక్కనున్న వర్ట్ ఎప్పుడో చల్లబడి దుప్పటి కప్పుకున్నట్టు చుట్టకి అంటుకుని కూర్చుంది, మధ్యలో ఉన్న వేడి దాన్ని దాటి రావడం లేదు. చుట్టనే పట్టుకుని పైకీ కిందకీ ఆడించడం మొదలెట్టా, అంతే, బయటికొచ్చే గొట్టం చేతికి వెచ్చగా తగిలింది, పావుగంటగా దాదాపు చల్లటి నీళ్లే వచ్చిన గొట్టం. నాలుగు నిమిషాల్లో 38 నుంచి 34. చేతులు పీకేశాయి గానీ ఆరోజునుంచి చిల్లర్ ఎంత బాగా పనిచేస్తోందో నేను థర్మామీటర్‌లో చూడను, బయటికొచ్చే నీళ్లని ముట్టుకుని చూస్తా. అవి చల్లగా వస్తుంటే నీళ్లు దండగ. తిప్పుతూ కుళాయి సగానికి తగ్గించినా అదే వేగం. ఇంతకుముందు బ్యాచ్‌కి 150 లీటర్లు పోయేవి, ఇప్పుడు 80 చుట్టుపక్కల. మొదటి రెండు బకెట్లు సలసలా కాగుతూ వస్తాయి, వాటితో గిన్నెలు కడిగేస్తా, మిగతావి చల్లారాక అమ్మ గోంగూరకీ కరివేపాకు కుండీకీ.

జులై, బ్యాచ్ 9.
34 నుంచి 20కి ఎలా? పాత పాతిక అడుగుల చుట్ట ఊరికే పడుంది కదా, దాన్ని ఐసు బకెట్లో ముంచి కుళాయి నీళ్లని అందులోంచి తెచ్చి పెద్ద చుట్టకి పంపించా, ముందు చల్లార్చి తర్వాత వాడ్డం. వినడానికి బాగుంది. 30తో లోపలికెళ్లిన నీళ్లు 25తో బయటికొచ్చాయి, అంతే, నీళ్లు పరుగెత్తుకుంటూ పోతుంటే ఐసుకి వాటిని పట్టుకునే టైమెక్కడ, పైగా చుట్ట చుట్టూ ఐసు కరిగి మళ్లీ అదే నీళ్ల దుప్పటి. ఇప్పుడు రెండు చోట్ల తిప్పాలి, నాకు రెండే చేతులు. మా ఆవిణ్ణి పిలిస్తే ఐసు బకెట్ తిప్పడానికి ఒప్పుకుంది గానీ అయిదు నిమిషాలకి ఫోనొచ్చిందని వెళ్లి మళ్లీ రాలేదు. 27 దగ్గర ఆపేసి బకెట్టుని ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున్నే ఈస్ట్ వేశా.

అదే నెల బ్యాచ్ 10కి బద్ధకం పద్ధతి, నో చిల్. నీటికి కటకటగా ఉండే ఆస్ట్రేలియాలో బాగా అలవాటు, వేడి తట్టుకునే హెచ్‌డీపీఈ రకం ప్లాస్టిక్ డబ్బాలో మరిగే వర్ట్ నిండా పోసి గాలి లేకుండా మూత బిగించి పక్కకి పడుకోబెట్టేస్తారు, ఆ వేడికి డబ్బా లోపలంతా, మూతతో సహా, శుభ్రమైపోతుంది. చల్లారేకొద్దీ డబ్బా బుగ్గలు లోపలికి పీక్కుపోయాయి. చేదు లెక్క మాత్రం తప్పింది, చివర అయిదు నిమిషాల్లో వేసిన హాప్స్ పావుగంట ఉడికినంత చేదిచ్చాయి. ఇంకోటి గట్టిగా చెప్పాలి, ఆ డబ్బాని వారాల తరబడి అలా ఉంచకండి, వర్ట్‌లో పులుపు చాలదు, లోపల గాలి లేదు, బోటులిజం అనే ప్రాణాలు తీసే విషం పుట్టడానికి అనువైన చోటు. మర్నాడే ఈస్ట్ వేసెయ్యాలి. బీరు బాగుంది, కానీ గ్యారేజీలో చెయ్యడానికేం లేదు, బోరు కొట్టింది.

నిన్న, బ్యాచ్ 11.
ఈసారి పక్కాగా ప్లాను. కుళాయితో 35 దాకా, తిప్పుతూ. తర్వాత కుళాయి పీకేసి, ఐసు నీళ్ల బకెట్లో ఫౌంటెన్లకి వాడే చిన్న నీళ్లలో మునిగే పంపు పెట్టి, అదే ఐసు నీళ్లు చుట్టలోంచి తిరిగి మళ్లీ బకెట్లోకే వచ్చేలాగ. 35 నుంచి 20కి తియ్యాల్సింది 1200 కిలోజూళ్లు, లెక్కకి మూడున్నర కిలోల ఐసు, నేను తొమ్మిది కిలోల బస్తా తెచ్చా.

మొదటి భాగం అచ్చం అనుకున్నట్టే, పదహారు నిమిషాల్లో 35. పంపు పెట్టా. 34, 33, 32, కళ్లముందే దిగుతోంది, ఇంత అందమైన దృశ్యం నేను ఈ గ్యారేజీలో చూడలేదు. 31 దగ్గర, తిరిగొచ్చే గొట్టాన్ని బకెట్ అంచుకి కట్టలేదని గుర్తొచ్చింది, గుర్తొచ్చిన క్షణంలోనే అది పాములా లేచి బయటికి దూకింది. ఐసు నీళ్లన్నీ నేలమీద, సంక్రాంతి బొమ్మలకొలువు అట్టపెట్టెల దాకా. ఎక్స్‌టెన్షన్ వైరు తడిసింది, గోడలో ఉన్న జీఎఫ్‌సీఐ ప్లగ్గు (కరెంటు లీకైతే వెంటనే ఆపేసేది) టప్పున కొట్టేసి మొత్తం ఆగిపోయింది, ఆ ప్లగ్గు లేకపోతే ఇది రాయడానికి నేనుండేవాణ్ణి కాదేమో, తడి చోట అది లేని ప్లగ్గులో పంపు పెట్టకండి. అమ్మ గుమ్మంలోంచి "చల్లారిందా ఇంతకీ?" అంది.

లేదు. 31. ఐసు లేదు, రాత్రి పది దాటింది. ఫ్రిజ్‌లో మామూలు ఏల్ ఈస్ట్‌తో పాటు ఒక వోస్ క్వైక్ ప్యాకెట్ ఉంది, కరీంనగర్ తమ్ముడు ఎప్పుడో ఇచ్చాడు. నార్వేలో వోస్ అనే ప్రాంతంలో రైతులు తరతరాలుగా ఇళ్లలో దాచుకుంటూ వచ్చిన ఈస్ట్ అది, మన తోడు మజ్జిగ లాగే, 35, 40 డిగ్రీల్లో కూడా గోళ్లరంగు వాసన రానివ్వదు, కాస్త నారింజ తొక్క వాసనొస్తుందంతే. దానికి 31 చలి కిందే లెక్క. చల్లేసి మూతపెట్టి, బకెట్టుకి పాత దుప్పటి చుట్టి మాపు అందుకున్నా.

పొద్దున్న ఆరింటికి వెళ్లి చూస్తే ఎయిర్‌లాక్ (లోపలి గ్యాసు బయటికి వదిలే చిన్న బిరడా) ఆగకుండా గుడగుడలాడుతోంది, నురగ మూతదాకా వచ్చేసింది, అది బయటికి పోవడానికి బ్లో-ఆఫ్ గొట్టం పెట్టా. బొమ్మల పెట్టెలు ఎండలో ఆరబెట్టాం, వినాయకుడికి రంగు కొంచెం పోయింది, మా ఆవిడకి ఇంకా చెప్పలేదు. సాయంత్రం హార్డ్‌వేర్ షాపుకెళ్లి రెండు స్ప్రింగు క్లాంపులు తేవాలి, గొట్టం కట్టడానికి.